తరానికీ తరానికీ మధ్య

నేటి పిల్లలకు విలాసాలమీద మోజు పెరిగినదనీ, పెద్దలన్నా గురువులన్నా లెక్కలేకుండా పోయినదనీ సుమారు రెండువేల నాలుగువందల ఏండ్ల క్రితమే సోక్రటీసు వాపోయాడని ఒక మాట లోకంలో ప్రచారంలో ఉన్నది. పాఠశాల వార్షికోత్సవాలలో ముఖ్య అతిథులు దానిని తరచుగా వినిపిస్తూ ఉంటారు. కాని ఆ మాటలు సోక్రటీసువి కావు. ప్రాచీన గ్రీకుల విద్యావిధానంపై కెన్నెత్ జాన్ ఫ్రీమన్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి వ్రాసిన గ్రంథం 1907లో వెలువడింది. ఆ కాలపు పెద్దలు కుర్రకారుపై చేసిన ఫిర్యాదులను అతడు అందులో ఒకచోట తన సొంత మాటలలో గుదిగుచ్చాడు. తరువాతి వారెవరో ఆ సారాంశాన్ని తెచ్చి సోక్రటీసు నోట పెట్టారు.

ఫిర్యాదు మాత్రం కల్పన కాదు. క్రీస్తు పూర్వం 423లో ఏథెన్సులో ప్రదర్శితమైన ‘మేఘాలు’ అనే ప్రహసనంలో అరిస్టోఫేనీసు పాతకాలపు పెంపకానికీ కొత్తకాలపు చదువుకూ రంగస్థలంమీదనే వాగ్యుద్ధం పెట్టించాడు. ఆ నాటకంలో కుర్రవాళ్లను చెడగొట్టే గురువుగా కనిపించేది సాక్షాత్తూ సోక్రటీసే! చెడగొట్టాడని నింద మోసినవాడి చేతనే పిల్లలు చెడిపోయారని అనిపించడం లోకం చేసిన వింత న్యాయం.

ఈ ఫిర్యాదు అన్ని కాలాలలోనూ ఉన్నదే కనుక తరాల మధ్య భేదమన్నది వట్టి భ్రమ అని కొందరు తేల్చివేస్తారు. అదీ తొందరపాటే. ఒంట్లో వెచ్చగా ఉన్నదని నిత్యమూ మూలిగే మనిషికి ఏదో ఒకనాడు నిజంగానే జ్వరం వచ్చి ఉండవచ్చు. థర్మామీటరు పెట్టి చూడనిదే తెలియదు. తరాల విషయంలో ఆ థర్మామీటరు ఏది అన్నదే ప్రశ్న.

మొదట, చూసే కంటిని పరీక్షించవలసి ఉన్నది. జాన్ ప్రోట్స్‌కో, జొనాథన్ స్కూలర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2019లో అమెరికన్ వయోజనులపై జరిపిన అధ్యయనాన్ని ప్రకటించారు. పెద్దల పట్ల విధేయతకు ఎక్కువ విలువనిచ్చేవారికి నేటి పిల్లలలో విధేయత తగ్గినట్లు తోచినది. బాగా చదువుకున్న, పుస్తకప్రియులైనవారికి పిల్లలు పుస్తకాలు ముట్టడంలేదని తోచినది. తెలివిగలవారికి పిల్లలు మందబుద్ధులుగా కనిపించారు. ఎవరికి ఏది బలమో వారి కంటికి ఎదుటివారిలో ఆ లోపమే కనబడుతున్నదన్నమాట. పైగా, ఈనాటి తమ స్వభావాన్నే తమ బాల్యానికి కూడా ఆపాదించుకుని, ‘మా చిన్నతనంలో అందరమూ ఇలాగే ఉండేవాళ్లం’ అనుకోవడం మానవసహజం. యాభై ఏండ్ల పండితుడు పదేండ్ల మనుమడిని పోల్చి చూచేది పదేండ్లనాటి తనతో కాదు, నేటి తనతోనే.

ఇక ‘తరం’ అనే మాట. ‘అది నా తరం కాదు’ అన్నప్పుడు దాని అర్థం శక్తి. భూమిశిస్తు లెక్కలలో నేల యొక్క శ్రేణి. సంసారంలో తాత, తండ్రి, కొడుకు అనే మెట్టు. ఈ మూడవ అర్థమే ఇక్కడ ప్రస్తుతమైనా, అదీ నిలకడ గలది కాదు. ఉమ్మడి కుటుంబాలలో మేనల్లుడికంటె రెండేండ్లు చిన్నవాడైన మేనమామను చూడని తెలుగువారు ఉండరు. తల్లీ కూతురూ ఒకే ఏట పురుడు పోసుకున్న ఇండ్లు మొన్నమొన్నటి దాకా ఉండేవి. కుటుంబపు మెట్ల ప్రకారం ఆ మామ ఒక తరం, అల్లుడు మరొక తరం. కాని ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్లమీద కూర్చున్నవారు. సమాజశాస్త్రానికి కావలసినది ఈ రెండవ బంధుత్వం. ఆంగ్లంలో దీనికి రోమను సైన్యంలోని ఒక దళం పేరు అరువు తెచ్చుకున్నారు. తెలుగులో ఆ ప్రయాస అక్కరలేదు. ‘ఈడు’ అన్న చక్కని మాట ఎప్పటినుండో ఉన్నది. ఒకే ఈడువారంటే కాలం ఒకే వయస్సులో పట్టుకున్నవారు.

ఈ విషయంపై శాస్త్రీయమైన ఆలోచనకు బాటవేసినది కార్ల్ మన్‌హైమ్ 1928లో జర్మను భాషలో ప్రకటించిన వ్యాసం. బుడాపెస్టులో పుట్టి, జర్మనీలో బోధించి, 1933లో నాజీల మూలంగా ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండు చేరిన పండితుడాయన. ఒకే ఏట పుట్టినంత మాత్రాన మనుషులు ఒక తరం కారని ఆయన వాదన. యౌవనంలో అడుగిడే వేళ, మనస్సు ఇంకా గట్టిపడని దశలో, ఒకే చారిత్రక ఘటన వారిని తాకాలి. 1800 ప్రాంతంలో జర్మనీలో యువకులున్నారు, చైనాలోనూ యువకులున్నారు. వారిని ఒక తరమనడం అర్థరహితం. అంతేకాదు, ఒకే ఘటన తాకినవారు సైతం దానికి పరస్పర విరుద్ధంగా స్పందించవచ్చు. ఒకే కాలపు అలజడిలో ఒకరు విప్లవం వైపు, మరొకరు సంప్రదాయం వైపు మొగ్గినా ఇద్దరూ ఒకే తరపు బిడ్డలే.

సిద్ధాంతం బాగున్నది. కాని లెక్కలోకి దిగగానే చిక్కు మొదలవుతుంది. ఆ చిక్కును అందంగా విప్పి చూపినవాడు సమాజశాస్త్రవేత్త కాడు, ఒక వైద్యుడు.

వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో అంటువ్యాధుల శాస్త్రాన్ని బోధించిన ఆచార్యుడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1880 నుండి 1930 వరకు క్షయరోగంతో మరణించినవారి వివరాలను, పదేండ్లకొకసారి చొప్పున, వయస్సులవారీగా ఆయన పట్టిక వేశాడు. 1930 నాటి నిలువు వరుసను చదివితే బాల్యంలోను యౌవనంలోను మరణాలు తక్కువ. వయస్సు పెరిగినకొద్దీ ఎక్కువ. యాభై, అరవై మధ్య అత్యధికం. 1880 నాటి వరుసలోనైతే పసితనం దాటాక యౌవనంలోనే మరణాలు ఎక్కువ. ఈ రెండు వరుసలు చూచిన ఏ వైద్యుడైనా ఏమనుకుంటాడు? క్షయ తన స్వభావం మార్చుకున్నదనీ, పడుచువారిని వదలి ముసలివారిని పట్టుకున్నదనీ అనుకుంటాడు. వయస్సు మళ్లినకొద్దీ శరీరానికి ప్రతిఘటనశక్తి తగ్గుతుందన్న మాటా దీనికి తోడుగా నిలుస్తుంది.

ఫ్రాస్ట్ అదే పట్టికను ఏటవాలుగా చదివాడు. 1880లో పదేండ్ల లోపు ఉన్న పిల్లలు 1890లో పదీ ఇరవై మధ్య ఉంటారు, 1900లో ఇరవై దాటి ఉంటారు, 1930 నాటికి యాభై దాటుతారు. అలా ఒకే ఈడువారిని వెన్నంటి పోతే కథ పూర్తిగా తిరగబడినది. వారిలో క్షయ మరణాలు ఇరవై ముప్ఫై ఏండ్ల మధ్యనే ఉచ్ఛస్థితికి చేరి, ఆ తరువాత వయస్సుతోపాటు తగ్గుతూ వచ్చినవి. వారి తరువాతి ఈడులోనూ అదే ఆకృతి, కాకపోతే కొంచెం దిగువ మట్టంలో. ఆ తరువాతి వారిలో ఇంకా దిగువన. అంటే 1930లో మరణించిన యాభై ఏండ్లవారు ముసలితనం వల్ల క్షయ బారిన పడినవారు కారు. క్షయ ప్రబలంగా ఉన్న రోజులలో పుట్టి, చిన్నతనంలోనే దానిని ఒంట పట్టించుకుని, బ్రతికి బయటపడినవారి శేషం వారు. వ్యాధి స్వభావం ఎన్నడూ మారలేదు. మారినది పుట్టిన కాలం. ఫ్రాస్ట్ 1938లో కన్నుమూశాడు. ఈ వ్యాసం మరుసటి ఏడు అచ్చయినది. కొత్త మందు ఒకటీ కనిపెట్టకుండా, కొత్త రోగి నొకనిని చూడకుండా, ఉన్న అంకెలనే తల ఒక ప్రక్కకు వంచి చదివి ఇంతటి సత్యాన్ని రాబట్టడం విజ్ఞానచరిత్రలో అరుదైన సంగతులలో ఒకటి.

ఇదే పొరపాటు బుద్ధి విషయంలోనూ జరిగినది, అక్కడ దాని ఫలితం ఉద్యోగులమీద పడినది. ఇరవయ్యవ శతాబ్ది ప్రథమార్ధంలో వేర్వేరు వయస్సులవారికి ఒకే రోజున బుద్ధిపరీక్షలు పెట్టి, ముప్ఫై దాటిన దగ్గరనుండి మనిషి మేధస్సు క్షీణించడం ప్రారంభిస్తుందని నిర్ణయించారు. నలభై ఏండ్లవాడు కొత్త పని నేర్వలేడన్న నమ్మకానికి శాస్త్రం ముద్ర వేసినట్లయినది. వార్నర్ షాయి అనే పరిశోధకుడు 1956లో సియాటిల్ నగరంలో 500 మందిని పరీక్షించి, అక్కడితో ఆగక, ఏడేండ్లకొకసారి వారినే మళ్లీ పరీక్షిస్తూ పోయాడు. ప్రతిసారీ కొత్తవారినీ చేర్చుకున్నాడు. ఆ మనుషులనే వెన్నంటి చూస్తే, చాలా శక్తులు అరవై దాకా చెప్పుకోదగినంతగా తగ్గనే లేదు. అంతకుముందు కనిపించిన క్షీణతలో చాలా భాగం వృద్ధాప్యానిది కాదు. ముందు పుట్టినవారు తక్కువ చదువుకున్నారు, అటువంటి పరీక్షలకు అలవాటు పడలేదు. అరవై ఏండ్ల మనిషిని ముప్ఫై ఏండ్ల మనిషితో పోల్చినంత కాలం ఇది తేలదు. ముప్ఫై ఏండ్లనాటి అతనితోనే పోల్చాలి.

ఇక్కడ తరాల భేదం భ్రమ కాదు, పచ్చి నిజమన్న సంగతి పాఠకులు గమనించే ఉంటారు. న్యూజీలాండులో స్థిరపడిన జేమ్స్ ఫ్లిన్ 1984లో దీనిని మరింత గట్టిగా రుజువు చేశాడు. 1932కూ 1978కీ మధ్య అమెరికన్ల సగటు బుద్ధిసూచిక సుమారు 14 పాయింట్లు పెరిగినదని ఆయన లెక్క. తాతలు మందబుద్ధులని దీని భావం కాదు. వస్తువులను ప్రయోజనాన్నిబట్టి చూచే అలవాటునుండి గుణాన్నిబట్టి వర్గీకరించే అలవాటుకు బడి మనుషులను మళ్లించినదని ఆయన వివరణ. ఇటీవలి కాలంలో నార్వేలో ఈ పెరుగుదల ఆగి తిరుగుముఖం పట్టినది. అక్కడి పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనంలో ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములను పోల్చారు. తల్లిదండ్రులు వారే, ఇల్లు అదే. అయినా ముందు పుట్టినవారికీ తరువాత పుట్టినవారికీ మధ్య అదే మార్పు కనిపించినది. కనుక కారణం వంశంలో లేదు, కాలంలో ఉన్నది.

అయితే ఇంత చక్కని పద్ధతికీ ఒక లోతైన గొయ్యి ఉన్నది. మనిషి వయస్సు, పరీక్ష జరిగిన సంవత్సరం, అతడు పుట్టిన సంవత్సరం అనే మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడవది దానంతటదే వస్తుంది. 1970లో పుట్టినవాడు 2020లో యాభై ఏండ్లవాడు కాక మరేమవుతాడు? ఈ మూడింటి ప్రభావాలను విడదీయమని గణితాన్ని అడిగితే అది చేతులెత్తేస్తుంది. ఎంత గొప్ప కంప్యూటరైనా ఒక సమీకరణంతో రెండు అజ్ఞాతాలను పట్టుకోలేదు. యాభై ఏండ్ల మనిషి దైవభక్తుడైతే అది వయస్సు తెచ్చినదా, ఆ ఏటి గాలి తెచ్చినదా, ఆతని ఈడు మొదటినుండీ అంతేనా అన్నది అంకెలు వాటంతటవే చెప్పవు. బయటినుండి ఏదో ఒక జ్ఞానం, అంటే చరిత్రో, జీవశాస్త్రమో, వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఫ్రాస్ట్‌కు క్షయ ఎలా సోకుతుందో ముందే తెలుసు. అందువల్లనే ఏటవాలు గీత ఆయనకు అర్థవంతమైనది.

చరిత్రను సాక్షిగా పిలిచినవారిలో గ్లెన్ ఎల్డర్ మొదట చెప్పుకోదగినవాడు. 1930ల అమెరికా ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లలపై ఆయన గ్రంథం 1974లో వచ్చినది. ఓక్లండ్ నగరంలో 1920, 1921లలో పుట్టిన 167 మంది పిల్లల జీవితవివరాలను ఎల్డర్‌కంటె ముందటివారు 1930లలోనే సేకరించి భద్రపరచారు. ఆయన వాటిని వారసత్వంగా అందుకున్నాడు. మాంద్యం నాటికి ఆ పిల్లలకు ఊహ తెలిసింది. తండ్రి ఉద్యోగం పోతే కొడుకు చిన్న పనికి కుదిరాడు, కూతురు ఇంటిపని చేపట్టినది. అందరమూ కలిసి సంసారాన్ని గట్టెక్కించామన్న ధైర్యం వారికి మిగిలినది. 1928, 1929లలో పుట్టిన బర్కిలీ పిల్లలతో పోల్చి చూచినప్పుడు అదే మాంద్యం వేరొక ముఖం చూపినది. వారు అప్పటికి పసివారు. చేయగలిగిన పని లేదు, తల్లిదండ్రుల చీకాకు మాత్రం వారిపైన పడినది. ఆ మగపిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నారు. ఎనిమిదేండ్ల తేడాలో ఒకే విపత్తు ఒకరికి పాఠమూ మరొకరికి గాయమూ అయినది.

మన దేశానికి వచ్చేసరికి తరాల పరిశోధన తొలి ప్రశ్న దగ్గరనే తడబడుతుంది. ‘మీ వయస్సెంత?’ జనాభా లెక్కలలో ముప్ఫై, ముప్ఫైయైదు, నలభై దగ్గర జనం గుట్టలుగా పేరుకుంటారు. ఇరవైతొమ్మిది, ముప్ఫైయొకటి దగ్గర పలచబడతారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చినది 1969లో; అంతకుముందు పుట్టిన కోట్లాది గ్రామీణులకు పుట్టినరోజు కాగితం లేదు. అందుచేత లెక్కలు వ్రాసుకునేవారు స్థానిక ఘటనల జాబితా వెంట తీసుకువెళ్లి, ఏ వరదకు ముందు పుట్టారు, ఏ ఉప్పెనకు తరువాత పుట్టారు అని అడిగేవారు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అటువంటి గుర్తు. తెలుగు సంవత్సరాల పేర్లు కూడా ఈడును గుర్తుపెట్టుకునే సాధనాలే: 1832 ప్రాంతపు నందన కరువు, 1876లో మొదలైన ధాత కరువు పేర్లతోనే ప్రజల నోట నిలిచినవి. అరవై ఏండ్లకు అదే పేరు తిరిగివచ్చి తాతనూ మనుమడినీ ఒకే ఏట పుట్టించగలదన్నది మాత్రం ఆ పద్ధతిలోని చమత్కారం.

అయినా మన దేశంలో ఒక తరభేదాన్ని నమ్మకంగా కొలవడం సాధ్యమైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇరవై, ఇరవైనాలుగు ఏండ్ల మధ్య స్త్రీలను పెండ్లి ఎన్నవ ఏట అయినదని అడుగుతారు. పదిహేను, పందొమ్మిది మధ్యవారిని అడిగితే కొందరికి ఇంకా పద్దెనిమిది నిండి ఉండదు. వారి కథ ముగియలేదు. ఇరవై దాటినవారి విషయంలో ‘పద్దెనిమిది లోపున’ అన్న ప్రశ్నకు జవాబు శాశ్వతం. కనుక ఏ సర్వేలోనైనా అదే వయస్సువారిని, అదే ప్రశ్న, అదే విధంగా అడగవచ్చు. 2005-06లో పద్దెనిమిది లోపున పెండ్లి అయినవారు నూటికి 47.4. 2015-16లో 26.8. 2019-21లో 23.3. పదిహేనేండ్లలో సగానికి తగ్గినది. ఆడపిల్లకు కనీస వయస్సు పధ్నాలుగని శారదా చట్టం 1929లో చెప్పినది, పద్దెనిమిదని 1978 సవరణ చెప్పినది. చట్టం చెప్పిన ఏటనే ఇల్లు వినలేదు, తరువాత నెమ్మదిగా వినడం మొదలుపెట్టినది.

ఈ అంకెలను చూచి కొత్త తరం ఆడపిల్లలు మారిపోయారని వ్రాయడం పత్రికలకు వాడుక. పెండ్లి ముహూర్తం నిశ్చయించినది ఆ పిల్లలా? పదహారేండ్ల పిల్లను ఇంటర్మీడియెట్‌లో చేర్పించాలా, పెండ్లిపీటలమీద కూర్చోబెట్టాలా అన్నది చాలా ఇండ్లలో తండ్రి నిర్ణయం, తల్లి నిర్ణయం, ఒక్కొక్కచోట నాయనమ్మ నిర్ణయం. ఆ తల్లులలో చాలామంది తాము పదిహేనో ఏట కాపురానికి వచ్చినవారు. అంటే కూతుళ్ల తరంలో కనిపించే భేదాన్ని కల్పించినది తల్లుల తరం. ‘మా రోజులలో ఇలా ఉండేది కాదు’ అనే పెద్దలే ఆ రోజులను స్వహస్తాలతో మార్చినవారన్న విషయం ఎవరికీ తట్టదు, వారికి అసలే తట్టదు.

అదే సర్వేను రాష్ట్రాలవారీగా విప్పి చూస్తే మరొక సంగతి. 2019-21లో ఈ సంఖ్య పశ్చిమ బెంగాల్‌లోను, బీహార్‌లోను నూటికి 40 దాటినది; ఆంధ్రప్రదేశ్‌లో 29; కేరళలో 7 లోపు. అంటే ఒకే ఏట పుట్టిన బెంగాలీ పిల్లకూ కేరళ పిల్లకూ మధ్య ఉన్న దూరం, దేశంలో పదిహేనేండ్ల ఎడంతో పుట్టిన రెండు ఈడుల మధ్య దూరంకంటె ఎక్కువ. తరం అనే ఒక్క పేరు పెట్టి ఇద్దరినీ ఒక గాటన కట్టివేస్తే పోయేది శాస్త్రం పరువు మాత్రమే కాదు. సహాయం అవసరమైన పిల్ల సగటులో మునిగి కనిపించకుండా పోతుంది.

ఈ పేర్ల వెర్రి ఇప్పుడు మరీ ఎక్కువైనది. ‘బేబీ బూమర్లు’, ‘మిలీనియల్స్’, ‘జెన్ జీ’ అన్నవి మన యువకులు కూడా తమకు తగిలించుకుంటున్న బిళ్లలు. యుద్ధానంతరం అమెరికాలో 1946 నుండి 1964 వరకు జననాలు ఉప్పొంగినవి; ఆ అలకు ఆ పేరు సార్థకం. మన దేశంలో అటువంటి అల లేదు. ఇన్‌ఫ్లుయెంజా మూలంగా 1911కంటె 1921లో జనాభా తగ్గినది, ఆ తరువాత ప్రతి దశాబ్దంలోనూ పెరుగుతూనే వచ్చినది. తక్కిన పేర్లకు అమెరికాలో సైతం గట్టి పునాది లేదు. వాటిని విడిచిపెట్టవలసినదిగా 2021లో అక్కడి సమాజశాస్త్రజ్ఞులు, జనాభా శాస్త్రజ్ఞులు నూటయాభై మందికి పైగా ప్యూ పరిశోధన సంస్థకు బహిరంగ లేఖ వ్రాశారు. అదే వయస్సులో ఉన్నప్పటి వెనుకటి తరాల వివరాలు చేతిలో ఉంటే తప్ప తరాల పోలిక చేయబోమని ఆ సంస్థ 2023లో ప్రకటించినది.

అటువంటి వివరాలు చేతికి రావాలంటే ఎవరో ఒకరు దశాబ్దాల పాటు ఓపికగా వ్రాసి ఉంచాలి. ఆ ఓపిక హైదరాబాదు శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ చూపినది. 1975లో ఆ సంస్థ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని రెండు గ్రామాలను, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలలోని నాలుగు గ్రామాలను ఎన్నుకున్నది. ఊరికి నలభై చొప్పున 240 కుటుంబాలు. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి, పశువులు అన్నీ వ్రాసుకునేవారు. పదేండ్లు నడిచి ఆగిన ఆ పని 2001లో తిరిగి మొదలైనది. అప్పటికి తొలి పుస్తకాలలో పసిపిల్లలుగా నమోదైనవారు ఇంటి యజమానులయ్యారు. మెట్టచేనులో జొన్న, ఆముదం పండించిన తండ్రి ముప్ఫైయో ఏట ఏమి తిన్నాడో, కొడుకు ముప్ఫైయో ఏట ఏమి తిన్నాడో ప్రక్కప్రక్కన పెట్టి చూచే అవకాశం లభించినది.

కాని ఆ కొడుకులలో, కూతుళ్లలో కొందరు ఊళ్లో లేరు. వలసపోయినవారు, అత్తవారిండ్లకు వెళ్లినవారు, చదువులకని పోయి తిరిగిరానివారు. ఎవరి బ్రతుకు తండ్రి బ్రతుకుకంటె ఎక్కువగా మారినదో వారే ఊరు విడిచారు. మిగిలినవారిని మాత్రమే లెక్కిస్తే తరాల మధ్య పెద్ద భేదం లేదని తేలుతుంది. అందుచేత పరిశోధకులు పాత పుస్తకాలలోని పేర్లు పట్టుకుని, విడిపోయినవారి జాడకోసం ఊరు దాటి బయలుదేరవలసి వచ్చినది.